సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే బ్యాటరీ మార్చాలా?

మార్చొద్దు. మీరు రాసిందేమిటంటే: పెట్రోలు కారు, సెల్ఫ్ కొడితే ఇంజన్ చకచకా తిరుగుతుంది గానీ అందుకోదు, కాసేపు ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది, మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నాడు. కారులో సెల్ఫ్ మోటారు లాగినంత కరెంటు ఇంకేదీ లాగదు. దాన్నే అంత హుషారుగా తిప్పుతున్న బ్యాటరీ మీద నింద వేయడం అన్యాయం. సెల్ఫ్ మూలుగుతూ తిరిగితే, కొట్టినప్పుడల్లా డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారితే అప్పుడు అనుమానించండి.

మా కారుకూ అచ్చంగా ఇదే జబ్బు చేసింది. సర్వీస్ సెంటర్లో ఒకసారి ప్లగ్గులు మార్చారు, ఇంకోసారి త్రాటిల్ బాడీ శుభ్రం చేశామని బిల్లు వేశారు. వాళ్ల షెడ్డులో బండి చల్లగా నిలబడి ఉంటుంది, తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, పని అయిపోయిందంటారు. నడిరోడ్డు మీద ఆగిపోయేటప్పుడు వాళ్లుండరు కదా. అలాగే నెట్టుకొస్తుంటే, మే నెల ఎండలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. వచ్చి సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు.

జనం మూగారు. ఒకాయన పెట్రోలు కల్తీ అన్నాడు, ఇంకొకాయన ఎయిర్ లాక్ అన్నాడు. మా బావమరిది అప్పటికే చొక్కా చేతులు మడిచి “బావా, సెకండ్ గేర్ వెయ్యి, తోద్దాం” అంటున్నాడు. ఈ తోయడం గురించి గట్టిగా చెప్పాలి. తోస్తే జరిగేది ఇంజన్ తిరగడమే, ఆ పని సెల్ఫ్ చేస్తూనే ఉంది. నిప్పురవ్వ రాని బండిని తోసి తోసి తిప్పితే కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో ఉండి పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోతుంది. తర్వాత ఇంజన్ అందుకున్నప్పుడు అక్కడ మండి కన్వర్టరునే తినేస్తుంది. చిన్న జబ్బుకి పెద్ద ఖర్చు.

హోటల్ వాళ్లు ఫోన్ చేస్తే మోపెడ్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. వస్తూనే బానెట్ ఎత్తలేదు. సీట్లో కూర్చుని, “జర అందరు గమ్మునుండుండ్రి” అని తాళం ఆన్ వరకే తిప్పి చెవి పెట్టాడు. వెనక సీటు కింద రెండు మూడు సెకన్లు జుయ్‌మని శబ్దం వచ్చి ఆగింది. “పెట్రోలు పంపు మంచిగనే ఉంది సార్” అన్నాడు. ఇంజన్ లైటు వెలిగింది, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి కరెంటు అందుతోంది. తాళం గుర్తున్న లైటు వెలిగి ఆరింది, అంటే తాళంలోని చిప్పును బండి గుర్తుపట్టింది. అది ఆరకుండా మినుకుమినుకుమంటుంటే ఇంకో తాళంతో ప్రయత్నించాలట. అప్పుడు సెల్ఫ్ కొట్టి ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పిఎం ముల్లు నాకు చూపించాడు. మా కారులో మామూలుగా సెల్ఫ్ కొట్టినప్పుడు అది కొంచెం లేస్తుంది. ఆ రోజు సున్నా మీద నుంచి కదల్లేదు.

“ఇంజన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు తెలుస్తలేదు సార్. క్రాంక్ సెన్సర్. ఊకె కొట్టకుండ్రి, మోటర్ కాలిపోతది.”

తువ్వాలు తడిపి, ఇంజన్‌ని గేర్‌బాక్సు కలిసే చోట ఉన్న ఆ సెన్సర్ మీద వేశాడు. కాసేపయ్యాక కొట్టమన్నాడు. ముల్లు లేచింది, ఇంజన్ అందుకుంది. “విజయవాడ దాంక ఇంజన్ ఆపకుండ్రి” అని చెప్పి పంపాడు. అక్కడ బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల్ని చదివే స్కానర్ పెడితే వచ్చిన కోడ్ పి0335, ఆ సెన్సర్ సర్క్యూట్‌దే. సెన్సర్ మార్చాక మళ్లీ ఆ బాధ లేదు.

పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పేది ఈ సెన్సరే. అది చెప్పకపోతే చాలా బండ్లలో ప్లగ్గుకి నిప్పురవ్వా ఉండదు, పెట్రోలూ చిమ్మదు. లోపలి సన్నటి తీగలో పగులుంటే వేడికి విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. బండి పరుగెత్తేటప్పుడు గాలి తగులుతుంది. ఆపగానే ఇంజన్ వేడంతా బానెట్ కింద నిలిచిపోయి సెన్సర్‌ని కాలుస్తుంది. అందుకే ఇది టీకి ఆగిన చోటే బయటపడుతుంది. కాసేపు ఆగితే స్టార్టవుతోందన్న మీ మాట చదవగానే నాకు ఇదేనని తేలిపోయింది.

అంబాసిడర్ కాలంలో ఎండకి పెట్రోలు పంపులోనే ఆవిరైపోతే డ్రైవర్లు పంపుకి తడిగుడ్డ చుట్టేవారు. ఆ పెద్దాయన చేతికి ఆ అలవాటు అప్పటి నుంచే ఉండాలి. ఏసీ గదిలో టాబ్లెట్ పట్టుకుని కూర్చునేవాళ్ల కంటే ఇలాంటి మనిషి మాటకే నేను విలువిస్తాను. స్కానర్ వద్దనడం లేదు. బీఎస్ 4 అనే కాలుష్య ప్రమాణం కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ 2, అంటే బండి తన లోపాల్ని తనే కనిపెట్టి కోడ్లుగా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి అయింది, స్టీరింగ్ కింద ఆ సాకెట్ ఉంటుంది, చిన్న బ్లూటూత్ పరికరం తగిలిస్తే ఫోన్లోనే కోడ్లు చదువుకోవచ్చు. ఇంత సదుపాయం ఉన్నా అంచనాతో సామాన్లు మార్చి మన జేబు ఖాళీ చేస్తారెందుకని నా బాధ.

పంపు శబ్దం రాకపోతే దారి వేరు. ముందు పంపు ఫ్యూజు చూడండి, తర్వాత పంపుకి కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే. చాలా కార్లలో హారన్ రిలే, పంపు రిలే ఒకే రకానివి, నంబరు సరిపోలితే ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూడొచ్చు. ఎప్పుడూ రిజర్వులోనే నడిపేవాళ్ల పంపులు త్వరగా పోతాయి, ట్యాంకులో మునిగి ఉండే ఆ పంపును చల్లబరిచేది పెట్రోలే కాబట్టి. ఇక ఎలుకలు! మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కొరికిన వైర్లతో ఆగిపోని కారు లేదు. చెత్తడబ్బాలు కార్ల పక్కన పెట్టొద్దని మీటింగుల్లో ఎన్నిసార్లు మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. స్టార్ట్ కాని రోజు సెన్సర్ కంటే ముందు దాని వైరు మొత్తం చేత్తో తడిమి చూడండి.

ఈసారి బండి మొరాయించినప్పుడు చల్లారనివ్వకుండా ఫోన్లో వీడియో తీయండి. తాళం ఆన్ చేసినప్పటి శబ్దం, లైట్లు, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పిఎం ముల్లు అందులో కనిపించాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు దాటనివ్వకండి. ఆ వీడియో మెకానిక్‌కి చూపించి, వేడి మీద ఉన్నప్పుడే స్కానర్ పెట్టమనండి. కోడ్ రాకపోయినా సెల్ఫ్ తిరుగుతుండగా స్కానర్లో ఆర్‌పిఎం సున్నా చూపిస్తే సెన్సర్‌నీ దాని వైరునీ విప్పించండి. అదంతా చూశాక కూడా బ్యాటరీయే అంటే మెకానిక్‌ని మార్చండి.