గోల్ఫ్ టీలు: వెదురా, చెక్కా, ప్లాస్టిక్కా?

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో మేడ మీద నెట్ కట్టి మ్యాట్ మీద ప్రాక్టీసు చేస్తున్నారు, వీలు చిక్కినప్పుడు చెన్నైకో బెంగళూరుకో వెళ్లి కోర్సులో ఆడుతున్నారు. బంతిని నేలకు కాస్త ఎత్తున నిలిపే మేకుల్లాంటి చెక్క టీలు (తలన బంతి కూర్చునే గిన్నె, దాని కింద కాడ) తెగ విరిగిపోతున్నాయి. ప్లాస్టిక్‌కు మారాలా, వెదురు మంచిదా, మొక్కజొన్న పిండితో చేసినవని అమ్మేవాటి సంగతేమిటి, దేనితోనైనా దూరం పెరుగుతుందా అని. నా మాట ముందే చెప్పేస్తాను. కోర్సుకు వెదురు, మ్యాట్‌కు రబ్బరు. ప్లాస్టిక్ జోలికి పోనక్కర్లేదు.

కొత్తవి కొనేముందు విరిగిన ముక్కలు రెండు చేతిలోకి తీసుకుని చూడండి. గిన్నె కింద, మెడ దగ్గర విరిగి ఉంటే అది క్లబ్బు దెబ్బ. సరిగ్గా నేలమట్టానికి విరిగి ఉంటే తప్పు చెక్కది కాదు, నేలది. తడిగా మెత్తగా ఉన్న నేలలో దెబ్బ తగలగానే టీ ముందుకు వాలి, ఊడి ఎగిరి పడుతుంది. అదే ఏప్రిల్, మే నెలల్లో గట్టిపడిన నేల కాడను పట్టకారులా బిగించేస్తుంది. వాలడానికి చోటు లేదు కాబట్టి విరుగుతుంది. అలాంటి నేలలో ఎంత ఖరీదైన టీ అయినా కొన్ని పోతాయి. ఇక గుచ్చేటప్పుడే చేతిలో విరుగుతున్నాయంటే మీరు నిలువుగా కాకుండా పక్కకు తోస్తున్నారన్నమాట.

గుచ్చే పద్ధతి మారిస్తే సగం నష్టం ఆగుతుంది. కాడను చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకుని, బంతిని గిన్నెలో పెట్టి, అరచేత్తో బంతి మీద నిలువుగా నొక్కండి. బలం సూటిగా మొనలోకి దిగుతుంది. నేల మరీ రాయిలా ఉంటే ముందు పాత టీ మొనతోనో గడ్డిలో బంతి పడ్డ గుంతలు సరిచేసే డివాట్ టూల్‌తోనో రంధ్రం చేసి, తర్వాత మంచి టీ దింపండి. టీని నిటారుగా కాకుండా బంతి పోయే వైపుకు ఓ పిసరు వాల్చి గుచ్చితే విరగడం కంటే ఊడిపోవడం ఎక్కువవుతుంది. మనకు కావలసింది అదే. మరీ వాల్చితే బంతి నిలవదు.

ఇక సరుకు. మామూలు చెక్క టీలు ఎక్కువగా బర్చ్ కలపవి. బర్చ్ చవక, క్లబ్బుకు హాని లేదు. వీటిలో మంచీ చెడూ తేల్చేది పోగు. రంగు వేయని టీ ఒకటి వెలుతురులో పెట్టి తిప్పుతూ చూడండి. సన్నటి గీతలు గిన్నె నుంచి మొన దాకా నిలువుగా పరుగెత్తాలి. గీతలు ఏటవాలుగా వచ్చి మెడ దగ్గర పక్కకు దిగిపోతుంటే ఆ టీ అక్కడే తెగుతుంది, మొదటి దెబ్బకే. రంగు పూసిన టీల్లో ఇది కనబడదు. అందుకే చెక్కవి కొంటే రంగు లేనివి కొనమంటాను. గిన్నె మధ్యకు లేకపోయినా తలనొప్పే. గాజు బల్ల మీద దొర్లిస్తే తల ఊగుతూ పోతుంది, వెంటనే తెలిసిపోతుంది.

వెదురులో ఈ బాధ తక్కువ. నార అంతా ఒకే దిక్కుకు, పొడవునా సాగి ఉంటుంది కాబట్టి తయారీలో కొంచెం అటూ ఇటూ అయినా అడ్డంగా తెగే అవకాశం తక్కువ. పుటుక్కున విరగదు, ముందు పీచులు లేచి చీలుతుంది. ఇందులో ఓ ఇబ్బంది ఉంది. చీలిన ముక్క మొన సూదిలా ఉంటుంది, జేబులో వేసుకుంటే తొడకు గుచ్చుకుంటుంది. మొదటి దెబ్బ కొట్టే చోట, అంటే టీయింగ్ గ్రౌండ్ మీద వదిలేస్తే తర్వాత వచ్చేవాడి చేతికి. ఏరి పక్కనున్న డబ్బాలో వేయండి. పొట్టి ముక్క నిటారుగా మిగిలి, గిన్నె బాగుంటే పారేయకండి, మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి హోల్స్‌లో (పార్-3) ఐరన్ అనే సన్నతల క్లబ్బుతో కొట్టడానికి అదే చక్కగా సరిపోతుంది. ఇంకో జాగ్రత్త: వెదురుకు తేమ పడితే బూజు పడుతుంది. నవంబరు ముసురులో తడిసిన సంచి అలాగే మూసి పెడితే నల్లచుక్కలు తేలతాయి. ఆరబెట్టి పెట్టుకోండి.

ప్లాస్టిక్‌ను ఎందుకు వద్దంటున్నానంటే, విరగదన్నది సగం నిజం. పెళుసు రకం గాజులా పగులుతుంది. నైలాన్ లాంటి సాగే రకం నిజంగానే చాలాకాలం వస్తుంది. తేడా తెలియాలంటే వేళ్లతో కొద్దిగా వంచండి. వంచినచోట తెల్లటి గీత పడితే ఎక్కువ రోజులు రాదు. తిరుపతి ఎండలో మేడ మీద వదిలేస్తే మామూలు ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది. కోర్సులో అసలు ఇబ్బంది గడ్డి కోసే యంత్రంతో. చెక్క ముక్క బ్లేడు కింద పడితే నలిగిపోతుంది. గట్టి ప్లాస్టిక్ ముక్క బ్లేడు అంచును దెబ్బతీస్తుంది, పైగా కుళ్లదు, మట్టిలో అలాగే ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ టీ చూస్తే మైదానం సిబ్బంది ముఖం చిట్లిస్తారు. కొన్నిచోట్ల వద్దనే అంటారు.

మొక్కజొన్న పిండి టీలని అమ్మేవి చాలావరకు పీఎల్ఏ, అంటే మొక్కల పిండి నుంచి చేసే ఓ రకం ప్లాస్టిక్. మట్టిలో కలిసిపోతుందని డబ్బా మీద రాస్తారు. పీఎల్ఏ త్వరగా కుళ్లాలంటే 60 డిగ్రీల దరిదాపుల్లో వేడి నిలిపే కంపోస్టు కర్మాగారం కావాలి. గడ్డిలో పడేస్తే నెలలకు నెలలు అలాగే పడుంటుంది. ఇక మన దగ్గర ఇంకో సమస్య ఉంది. అది మెత్తబడేదీ ఆ 60 డిగ్రీల దగ్గరే. మే నెలలో ఎండకు నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి చూడండి, సాయంత్రానికి కాడ వంగిపోవచ్చు. పేరు చూసి కొనే సరుకు కాదిది.

ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్యపని వాళ్లున్నారు కదా, అక్కడ చేయించుకోవచ్చు కదా అని మన ప్రాంతం వాళ్లకు అనిపించడం సహజం. వాళ్ల పనితనం ఉలితో బొమ్మలు చెక్కడంలో ఉంది. టీ లేత్ మీద, వందల్లో, ఒకే కొలతకు రావాలి. కూలీ లెక్కేస్తే కొన్నదే చవక. ఎర్రచందనం మాట మాత్రం సరదాకు కూడా ఎత్తకండి, శేషాచలం చుట్టుపక్కల అదో పెద్ద తలనొప్పి.

మేడ మీది మ్యాట్‌కు రబ్బరు టీయే. రంధ్రం ఉన్న మ్యాట్ అయితే కింది నుంచి దూర్చాలి, అడుగునున్న పళ్లెం మ్యాట్ కింద చదునుగా కూర్చోవాలి. రంధ్రం వదులైతే టీ పక్కకు ఒరుగుతుంది. డబ్బా మీద రాసిన ఎత్తు నమ్మొద్దు. మ్యాట్ మందం పోను, గడ్డి పైమట్టం నుంచి గిన్నె దాకా స్కేలుతో కొలవండి. ఆట అయ్యాక తీసి నీడలో పెట్టండి, ఎండకు మెడ దగ్గర పగుళ్లొస్తాయి. పగులు కనబడగానే మార్చేయండి, తెగిన తల బంతితో పాటే ఎగురుతుంది.

పొడవు విషయంలో చాలామంది బోల్తా పడతారు. డ్రైవరు అంటే దూరం కొట్టే పెద్దతల క్లబ్బు; 460 సీసీ తల ఉన్న డ్రైవరుకు బంతి సగం క్లబ్బు పైఅంచుకు పైన కనబడాలి. అంటే గిన్నె నేలకు సుమారు 38 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. 70 మి.మీ. (2¾ అంగుళాల) టీ అయితే 32 మి.మీ. లోపలికి దిగుతుంది, 83 మి.మీ. (3¼ అంగుళాల) టీ అయితే 45. గట్టి నేలలో ఆ 13 మి.మీ. తేడాకే టీలు విరుగుతాయి. కాబట్టి ఎండాకాలంలో 70వి, వానలు పడి నేల మెత్తబడ్డాక 83వి. డ్రైవరు కంటే చిన్నతల ఉన్న ఫెయిర్‌వే వుడ్‌కు 12 మి.మీ., ఐరన్‌కు 5 మి.మీ. పైకి ఉంటే చాలు. నియమాల ప్రకారం టీ 4 అంగుళాలు (101.6 మి.మీ.) దాటకూడదు, గురిచూసే దిక్కు తెలిపేలా ఉండకూడదు. టీ అయిపోతే కంగారు పడనక్కర్లేదు, ఇసుక కుప్ప చేసి దాని మీద బంతి పెట్టడం ఇప్పటికీ చెల్లుతుంది. బోస్టన్‌లో దంతవైద్యుడు జార్జ్ గ్రాంట్ 1899లో చెక్క టీకి పేటెంటు తీసుకున్నాక కూడా చాలాకాలం ఎక్కువమంది చేసిందీ అదే.

దూరం సంగతి: బంతి క్లబ్బును అంటి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ కాసేపట్లో గిన్నె రాపిడి వల్ల పోయేది మనలాంటి ఆటగాళ్ల చేతికి తెలిసేంత ఉండదు. కొట్టిన ప్రతిసారీ టీ ఎత్తు 10 మి.మీ. అటూ ఇటూ అయితే మాత్రం బాగా తెలుస్తుంది. మీ టీలన్నిటికీ గిన్నె నుంచి 38 మి.మీ. కిందికి కొలిచి మార్కరుతో గీత గీయండి, గీత నేలకు ఆనేదాకా దించండి. డబ్బు పెట్టి కొనే 'రాపిడి లేని' టీల కంటే ఆ గీతతో వచ్చేదే ఎక్కువ.

ఇప్పటికే ప్లాస్టిక్ టీల రంగు డ్రైవరు అడుగున అంటి ఉంటే మెత్తటి గుడ్డకు కాస్త సర్జికల్ స్పిరిట్ అద్ది తుడవండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొద్దు, పైభాగం పెయింటు లేచిపోతుంది.