ఎనిమిది గెలిచి తొమ్మిదోది పోగొట్టుకున్నాం, మాస్టారూ!

మైదానం గట్టు మీద: పాఠకుల ఆటల సందేహాలకు ఓ రిటైర్డ్ పి.డి. (కాలేజీలో ఆటలు నేర్పే మాస్టారు) జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాను. మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌ని. ఈ ఏడు ఇంటర్ కాలేజీ పోటీల్లో ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఎనిమిదీ గెలిచాం. 21 గోల్స్ కొట్టాం, మాకు పడినవి రెండే. ఒక్క మ్యాచ్‌లో కూడా మాకు ముందు గోల్ పడలేదు. సెమీస్ అయ్యాక సెమిస్టర్ పరీక్షలొచ్చి ఫైనల్ 26 రోజులు వెనక్కి పోయింది. ఆ ఫైనల్లో 4-1తో ఓడిపోయాం. 12వ నిమిషంలో గోల్ పడింది, ఆ తరవాత అందరం ముందుకెళ్లి ఆడినా లాభం లేకపోయింది. గ్యాప్ వల్లే ఓడారని కొందరంటున్నారు. మ్యాచ్‌కి ముందే బజార్లో మా ఫొటోలతో ఫ్లెక్సీ కట్టారు, దిష్టి తగిలిందని ఇంకొందరు. మా అమ్మమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది కూడా. అమెరికాలో ఉన్న మా పెద్దన్నయ్య ఫోన్ చేసి "ఓహైయో స్టేట్ వాళ్లకే తప్పలేదురా, మీరెంత" అన్నాడు. అదేం కథో, మేం ఎందుకు ఓడామో చెప్పండి. రెండో గోల్ ఎలా పడిందో కాగితం వెనక బొమ్మ గీశాను. ఒరియా మీడియంలో చదివాను, తెలుగులో తప్పులుంటే క్షమించండి. నా పేరు వెయ్యకండి.
— ఒక కెప్టెన్, పర్లాకిమిడి

జవాబు: బాబూ, ముందు ఆ క్షమాపణ వెనక్కి తీసుకో. గిడుగు రామమూర్తి గారు పిల్లలకి పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, నోటితో మాట్లాడే తెలుగునే కాగితం మీద పెట్టినందుకు క్షమించమంటావేమిటి? నీ ఉత్తరంలో నాకు తప్పు కనిపించింది బొమ్మలో. దాని దగ్గరికి తరవాత వస్తాను.

మీ అన్నయ్య చెప్పిన ఫుట్‌బాల్ మనది కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, తలకి హెల్మెట్టు, భుజాలకి దిళ్లలాంటి ప్యాడ్లు, బంతిని చంకలో పెట్టుకుని పరుగు. మన ఆటని వాళ్లు సాకర్ అంటారు. అక్కడ కాలేజీ కుర్రాళ్ల ఆటకున్న వెర్రి మనకి చెప్పినా ఎక్కదు. ఓహైయో స్టేట్ అనే యూనివర్సిటీ సొంత స్టేడియంలోనే లక్షమందికి పైగా కూర్చుంటారు. 2011 జనాభా లెక్కల్లో యాభై వేలు కూడా లేని మన పర్లాకిమిడిని చంటిపిల్లలతో సహా తీసుకెళ్లి కూర్చోబెట్టినా సగం కుర్చీలు ఖాళీ.

2006లో ఆ జట్టు 12 మ్యాచ్‌లాడి 12 గెలిచింది. ఆఖరిది నవంబరు 18న మిషిగన్ యూనివర్సిటీ మీద. అప్పటికి దేశంలో మొదటి ర్యాంకు వీళ్లది, రెండో ర్యాంకు వాళ్లది. 42-39తో బయటపడ్డారు. వీళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ట్రాయ్ స్మిత్‌కి హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. కాలేజీ ఆటగాడికి అంతకంటే పెద్ద గౌరవం లేదక్కడ. ఫైనల్ 2007 జనవరి 8న, ఆరిజోనాలోని గ్లెండేల్‌లో, ఫ్లోరిడా యూనివర్సిటీ మీద. మధ్యలో 51 రోజులు ఖాళీ.

ఆ మ్యాచ్ మొదలైన తీరు చూడు. ఫ్లోరిడా తన్నిన మొట్టమొదటి బంతిని టెడ్ గిన్ అనే కుర్రాడు అందుకుని 93 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే వాళ్ల లెక్కలో గోల్ లాంటిది. గడియారంలో 16 సెకన్లు. ఇంక అడ్డేముంది అనుకున్నారు. సంబరంలో సొంత జట్టు వాళ్లే అతని మీద పడ్డారు, కాలికి దెబ్బ తగిలింది, ఆ తరవాత ఆ మ్యాచ్‌లో అతను అక్కరకు రాలేదు. సగం ఆటయ్యేసరికి 34-14తో ఫ్లోరిడా పైచేయి. చివరికి 41-14. ట్రాయ్ స్మిత్ 14 సార్లు బంతి విసిరితే నాలుగే మనవాళ్ల చేతికి అందాయి, మొత్తం 35 గజాలు. అయిదుసార్లు అతన్ని బంతితో సహా నేలకి కొట్టారు. గిన్ పరుగు ఈ లెక్కలోకి రాదు, అది కాక జట్టంతా కలిసి ఆ రాత్రి సాధించింది 82 గజాలు. (మనవాళ్లు అన్నాను చూశావా, ఓడినవాళ్లంటే నాకు వెంటనే చుట్టరికం కలుస్తుంది.)

51 రోజుల ఖాళీ వల్లే ఓడారని అక్కడ చాలామంది చెప్పుకుంటారు. నేనైతే పూర్తిగా ఒప్పుకోను. ఫ్లోరిడా కూడా డిసెంబరు 2 తరవాత ఆడలేదు, వాళ్లకీ 37 రోజులు ఖాళీయే. ఖాళీ వల్ల కాళ్లు బరువెక్కుతాయి, నిజం. కానీ ఆ రాత్రి ఫ్లోరిడా కుర్రాళ్లు రెండు పక్కల నుంచీ స్మిత్ మీదికి దూసుకొచ్చిన వేగానికి వీళ్ల దగ్గర జవాబు లేదు. ఏడాది పొడుగునా అలాంటి జవాబు వెతుక్కోవలసిన అవసరం వీళ్లకి పెద్దగా పడలేదు మరి.

అవసరం పడకపోవడం అనే రోగం నాకు బాగా తెలుసు. ఎలా తెలుసో చెబుతాను, ఇది నా సొంత తప్పు.

2018లో నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. నా జట్టులో తెలుగు పిల్లలు, ఒరియా పిల్లలు, కొండ మీద నుంచి వచ్చిన సవర పిల్లలు. మైదానంలో "వెనక చూడరా" అని ఒకడు, "పొఛొకు దెఖ్" అని ఇంకొకడు, ఎవడి కేక వాడిది, అయినా పాస్ మాత్రం తప్పేది కాదు. ఆ ఏడు ఫైనల్ దాకా ఒక్కటీ ఓడలేదు. దసరా ముందు ఫైనల్. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులే పోయారు, ఇంక ఫైనల్ ఎవడికి గుర్తు? మా మైదానంలో ఉత్తరం వైపు గోల్ మీద వేపచెట్టు అడ్డంగా పడిపోయింది. దాన్ని నరికి తీసేసరికే పది రోజులు. కొండ మీది పిల్లలు ఇళ్లకి వెళ్లిపోయారు. తిరిగొచ్చినప్పుడు ఇద్దరి దగ్గర బూట్లు లేవు, ఇంటి కప్పుతో పాటే పోయాయట.

ఫైనల్ నవంబరు ఆఖర్లో పెట్టారు. ఉన్న పదిహేను రోజుల్లో నేనేం చేయించానంటే, అంతవరకూ మమ్మల్ని గెలిపించినవే మళ్లీ మళ్లీ చేయించాను. కార్నర్ ఇలా తియ్యి, ఎడమ పక్క నుంచి క్రాస్ అలా వెయ్యి. తెలిసిన పాఠమే బట్టీ పట్టించాను. మ్యాచ్‌లో ఇరవయ్యో నిమిషానికి మాకు గోల్ పడింది. అప్పుడు మా సెంటర్ హాఫ్ గట్టు మీద ఉన్న నా వైపు తిరిగి చూశాడు. నేను ఈ రోజుకీ ఆ చూపు మరిచిపోలేదు. సీజన్ మొత్తంలో వాడు ఆట మధ్యలో నా వైపు చూడటం అదే మొదటిసారి. ఇప్పుడేం చెయ్యాలి సార్ అని అడుగుతున్నాడు. నా దగ్గర ఏమీ లేదు. "ఆడండ్రా!" అని అరిచాను. ఆడుతున్న పిల్లల్ని ఆడండ్రా అనడం కంటే పనికిమాలిన మాట ఉంటుందా? వాళ్లు పాపం ఇంకా గట్టిగా ఆడారు, అంటే అందరూ ఒకేసారి ముందుకు పరిగెత్తారు. రెండోది పడింది. 2-0.

ఇప్పుడు నీ బొమ్మ. బాగా గీశావు, బాణాలు కూడా పెట్టావు. అవతలి వాడి బంతి మీ సగంలోకి వచ్చే చోట లెక్కపెట్టాను. మీ పదకొండు మందిలో తొమ్మిది మంది బంతికి అవతల ఉన్నారు. ఇవతల ఒక్క స్టాపర్ (గోల్ ముందు కాపలా కాసేవాడు), గోల్‌కీపర్. ఆ స్టాపర్‌కీ మధ్య గీతకీ నడుమ ఏమీ గీయలేదు నువ్వు, తెల్ల కాగితం ఉంది. నీ గోల్ అక్కడి నుంచి పడింది. అప్పటికి ఎన్నో నిమిషం? 19 అని మూల మీద రాశావు. అంటే ఇంకా 71 నిమిషాలుండగా, ఒక్క గోల్ వెనకబడ్డందుకు, ఇల్లు తలుపులు తీసి అందరూ వీధిలోకి పరిగెత్తారన్నమాట. దిష్టి సంగతి నాకు తెలీదు గానీ, మీ అమ్మమ్మగారు తిప్పిన మిరపకాయల కంటే ఆ ఖాళీలో నిలబెట్టిన ఒక్క హాఫ్ బ్యాక్ ఎక్కువ కాపాడేవాడు.

ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కసారి కూడా ముందు గోల్ పడలేదని నువ్వే గొప్పగా రాశావు. అదే వచ్చింది చిక్కు. వెనకబడితే ఎలా ఆడాలో మీకు ఎవరూ నేర్పలేదు, మీకూ తెలియాల్సిన పని పడలేదు. దీంట్లో పిరికితనం ఏమీ లేదు, ఊళ్లో ఎవడన్నా ఆ మాటంటే నన్ను చూపించు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టి కూడా 4-1తో ఓడింది. అంతటి వాళ్లకే ఒక గోల్ తిరిగి పడ్డాక ఆట చేజారింది.

2019లో నేను చేసిన పని చెబుతాను, మీ జూనియర్లకి చెప్పు. వారంలో ఒక సాయంత్రం ప్రాక్టీస్ మ్యాచ్ 0-1 నుంచి మొదలెట్టేవాణ్ణి. మొదటి పదకొండు మందే ఒక గోల్ వెనక. టైము ఇరవై నిమిషాలు. షరతు ఒక్కటే: మొదటి పది నిమిషాలు ఇద్దరు స్టాపర్లు, ఒక హాఫ్ బ్యాక్ మధ్య గీత దాటకూడదు. దాటితే ఇంకో గోల్ పడినట్టు లెక్క. మొదట్లో తిట్టుకున్నారు. నాలుగో వారానికి "సార్, ఇవాళ 0-2 నుంచి పెట్టండి" అన్నారు. ఆ ఏడు మేం కప్పు గెలవలేదు, క్వార్టర్స్‌లోనే పోయాం. కానీ లీగ్‌లో రెండుసార్లు వెనకబడి గెలిచాం, ఆ రెండుసార్లూ ఎవడూ నా వైపు తిరిగి చూడలేదు.

26 రోజుల ఖాళీ గురించి కూడా ఒక ముక్క. పరీక్షలు ఆపలేం. కానీ ఆ 26 రోజుల్లో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఎందుకు పెట్టుకోలేదు? పాతపట్నం ఎంత దూరం, సైకిల్ మీద వెళ్లొచ్చు. అక్కడ కుర్రాళ్ల చేత ఓడిపోయి వచ్చినా మీకు ఎంతో ఉపకారం జరిగేది. సన్మానాలు ఎన్ని జరిగాయో నువ్వు రాయలేదు. ఫ్లెక్సీ కట్టారంటే శాలువాలు కూడా కప్పే ఉంటారు.

మీ అన్నయ్యకి ఈ సంగతి చెప్పు, అతనికి తెలిసే ఉంటుంది. అదే ఓహైయో స్టేట్ 2024లో రెండు మ్యాచ్‌లు ఓడింది. ఒకటి ఓరెగన్ చేతిలో 32-31తో, రెండోది సొంత ఊళ్లో మిషిగన్ చేతిలో 13-10తో. మిషిగన్ చేతిలో ఓడిన రోజు అభిమానులు కోచ్‌ని తియ్యమని కూర్చున్నారు. పద్ధతి మారి ఆ ఏడు నుంచి 12 జట్లకి ప్లేఆఫ్‌లో (ఆఖరి నాకౌట్ పోటీల్లో) చోటిచ్చారు కాబట్టి వీళ్లకీ దక్కింది. చివరికి 2025 జనవరిలో నోటర్‌డామ్‌ని 34-23తో ఓడించి ఛాంపియన్లయ్యారు. 2006లో ఒక్కటీ ఓడకుండా వెళ్లి 82 గజాలతో తిరిగొచ్చిన కాలేజీ ఇదే. ఇంకో తమాషా, వీళ్లని 2007లో చిత్తుచేసిన ఫ్లోరిడా కోచ్ అర్బన్ మేయర్‌నే తరవాత తెచ్చుకుని 2014 సీజన్ కప్పు గెలిచారు. మీరూ ఫైనల్లో మిమ్మల్ని ఓడించిన కాలేజీ పి.డి. గారికి ఒక ఫోన్ చేసి, ఆ రోజు మా గురించి మీవాళ్లకేం చెప్పారు సార్ అని అడగండి. చాలామంది చెబుతారు. నన్నడిగితే నేను చెప్పేవాణ్ణి.

ప్రశ్న: గురువుగారూ, మాది బరంపురం. మా అబ్బాయి కాలేజీ జట్టులో గోల్‌కీపరు. మొన్న ఫైనల్లో నాలుగు గోల్స్ పడ్డాయి. వచ్చిన రోజే గ్లవ్స్ అటక మీద పారేశాడు, మళ్లీ మైదానం వైపు వెళ్లడం లేదు. అడిగితే "అమ్మా, ఆ సంగతి ఎత్తకు" అంటాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి పై ఉత్తరం రాసిన కెప్టెన్ జట్టులో వాడు అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు. ఒకవేళ అయితే ఆ కాగితం మీద తెల్లగా ఉన్న చోటు మీ వాడికి చూపించండి. ఎదురుగా ముగ్గురు వస్తుంటే ఒక్కడు ఏం ఆపుతాడు? ఆ రెండో గోల్‌కి బాధ్యత వాడిది కాదు. మిగిలిన మూడూ ఎలా పడ్డాయో నేను చూడలేదు.

వాణ్ణి మాత్రం ఇప్పుడేమీ అడక్కండి. నెల పడుతుంది. కానీ గ్లవ్స్ సంగతి ఆగదు. అటక మీద వేడికి అరచేతి వైపు ఉండే లేటెక్సు ఎండిపోయి పెచ్చులూడుతుంది, తరవాత ఎంత ఖరీదువైనా బంతి అంటుకోదు. వాడు లేనప్పుడు దించండి. గోరువెచ్చని నీళ్లలో, సబ్బు పొడి వెయ్యకుండా, వేళ్లతో మెల్లగా మట్టి వదిలేదాకా కడగండి. పిండకండి, అరచేతులతో అదమండి చాలు. ఎండలో వెయ్యొద్దు, నీడలో ఆరెయ్యండి. ఆరాక, రెండు అరచేతులూ ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి, వాడి బట్టల బీరువాలో కింది అరలో పెట్టండి. ఎవరు పెట్టారని అడిగితే నాకు తెలీదనండి.