దేగులో జుంగాంగ్నో స్టేషన్ మీదుగా రోజూ తిరగాలంటే భయపడాలా?

మీ చెల్లెలు ఎమ్మెస్ చదవడానికి దక్షిణ కొరియాలోని దేగు వెళ్తోందని, 2003లో సబ్‌వే రైలు (నేల కింద నడిచే మెట్రో) తగలబడిన ఆ స్టేషన్ మీదుగానే రోజూ ప్రయాణమని కంగారుపడుతున్నారు. భయం అక్కర్లేదండీ. పరిశోధన కోసం ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ సెలవొస్తే నేను దిగేది జుంగాంగ్నోలోనే. ఒకటో లైన్‌లో దేగు రైల్వే స్టేషన్‌కీ బన్‌వోల్‌దాంగ్‌కీ మధ్య వస్తుంది. మెట్లెక్కి బయటికొస్తే దోంగ్‌సంగ్నో బజారు, కుర్రకారుతో కిటకిటలాడుతుంటుంది.

కానీ అక్కడేం జరిగిందో ఆ అమ్మాయికి తెలిసుండాలి. ఆ ఏడు ఫిబ్రవరి 18 ఉదయం ఒకడు పెట్రోలుతో రైల్లో నిప్పంటించాడు. ఆ రైలు తలుపులు తెరిచే ఉన్నాయి, చాలామంది బయటపడ్డారు. కొన్ని నిమిషాలకే ఎదురుగా వచ్చిన ఇంకో రైలు పక్క ప్లాట్‌ఫామ్ మీద ఆగింది. కరెంటు పోయి కదల్లేదు. తలుపులు మూసుకున్నాయి. సీట్ల ఫోమ్ అంటుకుని విషపు పొగ కమ్మేసింది. చనిపోయిన 192 మందిలో ఎక్కువమంది ఈ రెండో రైల్లోవాళ్లే. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

తర్వాత కొరియా అంతటా రైళ్ల లోపలి సామగ్రిని మంటలు అంటుకోని వాటితో మార్చారు. జుంగాంగ్నోలో నేల కింద రెండో అంతస్తులో 2015 నుంచి స్మృతిస్థలం ఉంది. పొగచూరిన గోడ, మాడిపోయిన ఫోన్ బూత్‌లు అద్దాల వెనక అలాగే ఉంచారు. గోడ కడిగి టైల్స్ వేసేయనందుకు ఆ ఊరంటే నాకు గౌరవం. మీ చెల్లెల్ని ఒకసారి తప్పక చూడమనండి.

అన్నిటికంటే ముఖ్యం, రైలు తలుపు చేత్తో తెరవడం తెలుసుకోవాలి. తలుపు పక్కన గోడకో, సీటు కిందో చిన్న మూత ఉంటుంది. మూత తీసి లోపలి పిడి లాగి, తలుపును బిగించి ఉంచే గాలి పోయేదాకా కొన్ని సెకన్లు ఆగి, రెండు రెక్కలనూ చేతులతో పక్కలకు నెట్టాలి. రైలు ఆగాకే సుమా! రైలు తలుపుకు ఎదురుగా ప్లాట్‌ఫామ్ అంచున ఉండే అద్దాల తలుపులకూ రైలు వైపు అత్యవసర పిడి ఉంటుంది. ప్లాట్‌ఫామ్ మీద పొగ మాస్కులు, టార్చిలైట్లు పెట్టిన బీరువా ఎక్కడుందో మొదటి రోజే చూసి పెట్టుకోమనండి. ఫైరింజను, అంబులెన్సు రెండింటికీ 119. పిడి దగ్గర బొమ్మలతో సూచనలుంటాయి కాబట్టి కొరియన్ రాకపోయినా ఇబ్బంది లేదు.