ఆ కథలో తండ్రి రెండుసార్లు బయటికి వచ్చాడు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మాది ఉద్దానం. తాతల కాలం నుంచి బాప్టిస్టులం. నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్‌ని, ఆదివారాలు సండే స్కూలు చెబుతాను. 2017లో వాడు అమ్మ బంగారం, తోట మీద తెచ్చిన అప్పు డబ్బు పట్టుకుని గల్ఫ్ వెళ్లాడు. ఏడాది తిరక్కుండానే ఫోన్లు ఆగిపోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరినీ జీడినీ పడగొట్టేసింది. అప్పటి నుంచి ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. అమ్మకు కిడ్నీలు పాడైతే మూడేళ్లు వారానికి రెండుసార్లు పలాసకు డయాలసిస్‌కు నేనే తిప్పాను. 2022లో అమ్మ పోయింది. భూస్థాపనకు కూడా వాడు రాలేదు. మధ్యలో నాకు రెండు సంబంధాలు వచ్చాయి. నాన్నగారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. అవి పోయాయి. ప్రతి ఒకటో తారీఖున ఇంటి ఖర్చు డబ్బు కవర్లో వేసి, టీవీ పక్కనున్న అమ్మ బైబిల్లో పెట్టి స్కూలుకు వెళ్తాను. సాయంత్రానికి కవరు ఉండదు.

గత నెల వాడు తిరిగొచ్చాడు. మోకాళ్ల నొప్పులతో వీధి గుమ్మం దాటని నాన్నగారు తెల్లవారుజామున నాలుగింటికి ఆటో కట్టించుకుని స్టేషనుకు వెళ్లారు. ఆదివారం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. పాస్టరుగారు యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ మీద వాక్యం చెప్పి, తిరిగొచ్చిన కొడుకు కోసం తండ్రి కోయించిన క్రొవ్విన దూడ దగ్గర ముగించారు. నేను పెరట్లో వంట దగ్గరున్నాను. నా చేతుల అల్లం వెల్లుల్లి వాసన పోకముందే ఆమెన్ వినిపించింది. ఇప్పుడు ఇల్లు వాడి పేరున రాస్తానంటున్నారు, పెళ్లి సంబంధాలు వస్తాయని. తుపాను తర్వాత ఆ ఇల్లు బాగుచేయించిన లోను నా పేరున ఉంది. నాకు ఆస్తి వద్దు. నా ప్రశ్న ఒక్కటే. దేవుని ప్రేమ అగాపే, షరతులు లేనిది అంటారు. అలాగైతే నమ్మకంగా ఉన్నవాళ్లకూ పారిపోయినవాళ్లకూ తేడా ఏముంది? ఆ ప్రేమ ఎలాంటిదో వివరించండి. ఆ రోజు నుంచి నాకు ప్రార్థన రావడం లేదు.

– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు అగాపే సంగతి తేల్చేద్దాం, ఎక్కువసేపు పట్టదు. ఆ గ్రీకు మాటలో మందు ఏమీ లేదు. తండ్రి కుమారుణ్ణి ప్రేమించుచున్నాడు అన్న మాట యోహాను సువార్తలో రెండుచోట్ల ఉంది. మూడో అధ్యాయంలో అగాపే క్రియ వాడారు, ఐదో అధ్యాయంలో ప్రేమకే ఉన్న ఇంకో గ్రీకు క్రియ ఫిలియో వాడారు. అపొస్తలుడైన పౌలు తోటి పనివాడు దేమా ఇహలోకాన్ని స్నేహించి ఆయన్ని విడిచి వెళ్లిపోయాడే, అక్కడున్నదీ అగాపే క్రియే. పాత నిబంధన గ్రీకు అనువాదంలో దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారు మీద పెంచుకున్న పాడుబుద్ధికీ అదే మాట వాడారు. మాటను బట్టి ప్రేమ ఎలాంటిదో తెలియదు. ప్రేమించినవాడు ఏం చేశాడో చూస్తే తెలుస్తుంది. ఆ గ్రీకు పదాలు వదిలేయండి. మీ నిద్ర చెడగొట్టింది అవి కాదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తమ్ముడు అన్న మాట ఒక్కచోట కూడా లేదు, అంతటా ‘వాడు’. పాస్టరుగారు చెప్పిన కథలో చిన్నకొడుకు తన వాటా పట్టుకుపోయి పాడుచేసి, పందులు మేపుకుని, చివరికి ఇంటికొస్తే తండ్రి విందు చేస్తాడు; ఇంటిపట్టునే ఉండి పనిచేసిన పెద్దకొడుకు అలిగి లోపలికి రాడు. ఆ పెద్దకొడుకూ మీలాగే. తమ్ముణ్ణి ‘నీ కుమారుడు’ అంటాడు, నా తమ్ముడు అనడు. ఇంకో సంగతి కూడా చూడండి. చిన్నవాడు పందుల దగ్గర ఉన్నప్పుడు కూడా ‘తండ్రీ’ అనే మొదలుపెడతాడు. పెద్దవాడు తండ్రిని తండ్రీ అని పిలవనే పిలవడు. ‘ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే’ అంటాడు. సేవించడం అని మనం చదువుతున్నచోట మూలంలో దాసుడిలా చాకిరీ చేయడం అని ఉంది. కొడుకై ఉండి అన్నేళ్లూ కూలివాడి లెక్కన బతికాడు. తండ్రి ఆస్తి పంచినప్పుడు ఇద్దరికీ పంచాడని కథ మొదట్లోనే ఉంది. పెద్దవాడి వాటా పెద్దవాడిదే. అయినా ఒక మేకపిల్లనైనా అడగలేదు. మీరూ అడగలేదు.

తమ్ముడి మీద కోపం ఉండటం సహజం. అమ్మ మట్టికి కూడా రాని కొడుకు మీద ఉండకపోతే ఆశ్చర్యపోవాలి. కానీ మీ గొడవ అతనితో కాదు. రేపు అతను మళ్లీ రైలెక్కి వెళ్లిపోయినా మీకు ప్రార్థన రాదు. మీ గొడవ మీ నాన్నగారితో. ఆయన నోరు విప్పకపోవడంతో. దేవుణ్ణి అడుగుతున్నానని మీరు అనుకుంటున్న ప్రశ్న ఆయన్ని అడగాల్సింది: నాన్నా, నేను కనబడటం లేదా?

ఆయన మిమ్మల్ని ప్రేమించడం లేదని నేను అనుకోను. చెబుతున్నది ఆయన్ని వెనకేసుకురావడానికి కాదు, వినండి. ఉద్దానంలో తోట ఉన్న మనిషికి తోటే పరువు. పది మందికి బొండాలు కొట్టించి ఇచ్చిన చెయ్యి అది. ఒక్క తుపానుతో చెట్లు కూలాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. ఆ మర్నాటి నుంచి ఆయన కూతురి జీతం మీద పడ్డారు. మన ఊళ్లలో తండ్రికి అది ఎంత చిన్నతనమో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పు పడ్డవాడు అప్పిచ్చినవాడు ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాడు. మీ నాన్నగారికి తిరగడానికి సందు కూడా లేదు, ఒకే ఇల్లు. అందుకే మీరు స్కూలుకు వెళ్లాక కవరు తీసుకుంటారు. కొడుకు చేతులూపుకుంటూ వచ్చాడు. అతనికి ఆయన పడిన బాకీ ఏమీ లేదు. కొడుకు ముందు ఆయన ఇంకా ఇచ్చేవాడే, పెద్దరికం ఉన్నవాడే. మీ ముందు పుచ్చుకునేవాడు. ఆ చీకట్లో ఆటో కట్టించుకుని వెళ్లింది కొడుకు కోసమేనా, ఒక్కపూటైనా మళ్లీ తండ్రిలా నిలబడటానికా? నాకైతే రెండూ అనిపిస్తోంది.

అయినా ఆయన చేసింది తప్పు. గట్టిగానే అంటాను. రెండు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంటే నోరు మెదపని తండ్రి, కూతురి జీవితాన్ని తన అవసరానికి ఆపేసినట్టే. తండ్రిని తల్లిని సన్మానించమన్న ఆజ్ఞను మీరు నిలబెట్టుకున్నారు, డయాలసిస్ మంచం పక్కన మూడేళ్లు కూర్చుని మరీ. పిల్లలకు కోపము రేపవద్దని తండ్రులకు చెప్పిన మాట కూడా అదే బైబిల్లో ఉంది. మన సంఘాల్లో మొదటిది నెలకోసారి వినబడుతుంది. రెండోదాని మీద ప్రసంగం నేను విన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పాస్టరుగారు క్రొవ్విన దూడ దగ్గర ఆపేశారని రాశారు. అక్కడ ఆపకూడదు. యేసు ఆ కథ చెప్పిందే, తాను పాపులతో కలిసి భోంచేస్తున్నాడని సణుక్కున్నవాళ్లకు, అంటే పెద్దకొడుకు లాంటివాళ్లకు. ఆ రోజు ఆ తండ్రి ఇల్లు విడిచి రెండుసార్లు బయటికి వచ్చాడు. మొదటిసారి దూరంగా వస్తున్న చిన్నవాడి కోసం పరుగెత్తాడు. రెండోసారి, విందు మధ్యలో, చుట్టాలందర్నీ వదిలేసి, అలిగి బయట నిలబడ్డ పెద్దవాడి దగ్గరికి వచ్చి బతిమాలుకున్నాడు. యజమాని బయటికి వచ్చి బతిమాలడం! ‘కుమారుడా’ అన్నాడు. అక్కడ వాడిన మాటకు ‘బిడ్డా’ అని అర్థం. ‘నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి’ అన్నాడు. మీ నాన్నగారు ఒక్కసారే బయటికి వచ్చారు. పెరట్లోకి రాలేదు. సగం కథ ఆడిన తండ్రిని చూసి, పూర్తి కథ చెప్పిన దేవుణ్ణి లెక్కగట్టకండి. ఆ ఆదివారం అల్లం వెల్లుల్లి చేతులతో మీరు నిలబడ్డచోటికి రావడమే ఆ ప్రేమ పని. మీ ఇంట్లో అది పెరటి గుమ్మం దాకా రాకపోతే అది మీ ఇంటివాళ్ల లోటు.

ఇక తేడా ఏముంది అన్నారు. దేవుని ప్రేమకు షరతు లేదంటే మీరు చేసినదానికి లెక్క లేదని కాదు. హెబ్రీయుల పత్రిక ఆరో అధ్యాయం పదో వచనం తీయండి. మీరు చేసిన కార్యమును, చూపిన ప్రేమను మరచుటకు ‘దేవుడు అన్యాయస్థుడు కాడు’ అని ఉంది. పలాస బస్సులో అమ్మ తల మీ భుజం మీద ఆనించుకుని వచ్చిన రాత్రులు ఎక్కడికీ పోలేదు. కానీ వాటితో ఆయన ప్రేమ కొన్నానని అనుకుంటే మాత్రం చిక్కే. కొనడానికి అక్కడేమీ మిగల్లేదు. మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను అని రోమీయుల పత్రిక చెబుతోంది, మనం ఒక్క పని చేయకముందే. ఇచ్చి ఇచ్చి మీకు పుచ్చుకోవడం మరిచిపోయిందమ్మా. మీ నాన్నగారికి సిగ్గుతో పుచ్చుకోవడం రాదు, మీకు అలవాటు లేక రాదు. ఇద్దరూ ఒకే కొమ్మ. ప్రార్థన ఆగిపోయింది అందుకే కావచ్చు. ఇన్నాళ్లూ ప్రార్థనలో కూడా మీరు కవరే పెట్టి వెళ్తున్నారేమో చూసుకోండి.

ఇంటి సంగతి. ఆస్తి వద్దు అనడం గొప్పగానే ఉంటుంది. మీ విషయంలో నేను ఒప్పుకోను. అడిగితే కాదంటారేమోనన్న భయానికి త్యాగం అని పేరు పెట్టుకున్నారు. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో వీలునామా లేకపోతే కొడుక్కీ కూతురికీ సమాన వాటా. ఆయన బతికుండగా సొంత ఆస్తి ఎవరికి రాసినా ఆయనిష్టం, అది కాదనలేం. కాబట్టి మాట్లాడాల్సింది ఇప్పుడే. లోను ఎంత మిగిలింది, నెలనెలా ఎంత కట్టారు, ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో నా పేరు కూడా ఉండాలి నాన్నా అని అడగండి. అది తేలేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. తమ్ముడు ఉద్యోగం వెతుక్కుని వాయిదాలో సగం కట్టాలి. తిరిగొచ్చినవాడికి ఇంట్లో చోటు దొరికింది, పని కూడా దొరకాలి. పెళ్లి గురించి మీ మనసులో ఇంకా ఉంటే, అదీ మీ నోటితోనే ఇంట్లో చెప్పండి. 37 ఏళ్లకు ఎవరి మౌనం కోసమూ ఆగక్కర్లేదు.

సండే స్కూలు ఒక నెల ఇంకొకరికి అప్పగించండి. రాని ప్రార్థనను లాగి తెచ్చుకోవద్దు, సంఘంతో పాటు కూర్చుంటే చాలు.

వచ్చే ఒకటో తారీఖున కవరు బైబిల్లో పెట్టకండి. ఆయన కాఫీ తాగేవేళ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని చేతికివ్వండి. ఆయన తల దించుకుంటారు, దించుకోనివ్వండి. అప్పుడు ఒకటి అడగండి, డబ్బుతో పని లేనిది. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ సమాధికి సున్నం వేయాలి, మీరు నాతో రండి నాన్నా అనండి. స్టేషనుకు వెళ్లిన మోకాళ్లు సమాధుల తోట దాకా రాగలవు. ఆటో మీరు కట్టించండి. బకెట్ ఆయన చేతికివ్వండి.