దేవుణ్ణి ఎవరు చేశారని తమ్ముడు అడిగితే

నమస్తే అండీ. ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే మీ తమ్ముడు "అన్నిటికీ కారణం ఉండాలంటున్నావు కదక్కా, మరి దేవుడికి కారణమేంటి?" అన్నాడనీ, మీకు నోట మాట రాలేదనీ రాశారు. టెన్షన్ పడకండి, తప్పు మీ మొదటి వాక్యంలోనే ఉంది. "అన్నిటికీ" అనకూడదు, "మొదలైన ప్రతిదానికీ" అనాలి. 11వ శతాబ్దంలో ఇస్లాం తత్వవేత్త గజాలీ అలాగే అన్నాడు. మొదలే లేని దేవుడికి ఆ ప్రశ్న తగలదు.

మన న్యాయశాస్త్ర పండితుడు ఉదయనాచార్యుడిదీ దాదాపు అదే దారి. భూమి వంటివి కార్యాలు (అంటే కారణం వల్ల పుట్టినవి), కార్యానికి కర్త ఉంటాడు, కుండకు కుమ్మరిలాగ. ఎంవీపీ రైతుబజార్ దగ్గర కొన్న మా మంచినీళ్ల కుండ మెడ మీద వేలి గీతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. చేసినవాణ్ణి మేం చూడలేదు, ఉన్నాడన్నది మాత్రం ఖాయం.

తమ్ముడు ఇక్కడితో ఊరుకోడు లెండి. "లోకానికి మొదలుందని ఎవరు చెప్పారు?" అంటాడు. గట్టి ప్రశ్న అదే, వేదకర్మలే ముఖ్యమనే మీమాంసకులు ఎప్పుడో వేశారు. మొదలుందని తర్కంతో తేల్చలేమని 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్ కూడా ఒప్పుకున్నాడు. అందుకే ఆయన వాదం వేరు: బల్బు ఎప్పటినుంచి వెలుగుతున్నా ఈ క్షణం కరెంటు ఉండాలి కదా, లోకమూ అంతే, ఈ క్షణం దాన్ని నిలబెట్టేవాడు ఉండాలి. నాకైతే ఇదే బలంగా కనిపిస్తుంది.

మీ ఇల్లు సింహాచలం కొండ కిందే అన్నారు కాబట్టి ఇంకొకటి. అక్కడి వైష్ణవులు గురువుగా కొలిచే రామానుజులే ఈ కుండ వాదాన్ని ఒప్పుకోలేదు! వేల కుండల్ని వేర్వేరు కుమ్మరులు చేస్తారు, లోకమంతా ఒక్కడే చేశాడని ఎలా చెప్తారన్నారు. దేవుడి విషయంలో ఆయనకు ఆధారం తర్కం కాదు, వేదశాస్త్రమే. ఈ సంగతి తమ్ముడికి ముందు మీరే చెప్పేయండి.