క్రోమ్ కాకుండా ఏ సిస్టమ్‌లో ఏ బ్రౌజర్ వాడాలి?

విండోస్ ల్యాప్‌టాప్, లినక్స్ పీసీ, ఆండ్రాయిడ్ ఫోను, ఇంట్లోవాళ్ల ఐఫోను ఉన్నాయి, క్రోమ్ వద్దనుకుంటే దేంట్లో ఏది వేసుకోవాలని అడిగారు. మొదటి మూడింట్లోనూ ఫైర్‌ఫాక్స్ వేసుకోండి. ఐఫోన్‌లో సఫారీనే ఉంచేయండి. మన దేశంలో ఐఫోన్‌కి ఏ బ్రౌజర్ దించుకున్నా లోపల పేజీని చూపించే ఇంజిన్ యాపిల్ వెబ్‌కిట్టే.

బ్రేవ్, వివాల్డీ బాగుంటాయని చాలామంది చెప్తారు. అవీ క్రోమియం మీద, అంటే క్రోమ్‌కి కూడా ఆధారమైన గూగుల్ ఓపెన్‌సోర్స్ కోడ్ మీద కట్టినవే. ఒపేరా 2013లో సొంత ఇంజిన్ వదిలేసి క్రోమియంకి మారింది, ఎడ్జ్ 2020లో అదే దారి పట్టింది. వేషాలు వేరు, మనిషి ఒక్కడే. క్రోమ్ వద్దనుకుని వాటికి మారితే మారినట్టే కాదు.

నన్ను ఫైర్‌ఫాక్స్‌కి కట్టేసింది తెలుగు. ఇరవై ఏళ్ల కిందటి మాట. హాస్టల్ గదిలో అసెంబుల్డ్ పీసీ, అందులో లినక్స్. ఒక పెద్ద తెలుగు దినపత్రిక సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే దిగే డైనమిక్ ఫాంటు, అంటే ఇంగ్లిష్ అక్షరాల కోడ్ల మీద తెలుగు అక్షరాల బొమ్మలు తొడిగే ఫాంటు, వాడేది. మా సిస్టమ్‌లో పేజీ నిండా పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. పక్క గది సీనియర్ ఒకాయన వచ్చి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ వేశాడు. బ్రౌజర్ మూసి తెరిచేసరికి హెడ్డింగుల దగ్గర్నుంచి తెలుగే! ఆ రాత్రి మా గది ఖాళీ అయితే ఒట్టు. "మా జిల్లా పేజీ తియ్యరా" అని ఒకడి తర్వాత ఒకడు. పద్మ ఆ ఫాంటు కోడ్లని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి, అంటే అన్ని సిస్టమ్‌లకీ అర్థమయ్యే అక్షరాల కోడ్లోకి మార్చేది కాబట్టి వార్తని కాపీ చేసుకోవచ్చు, పేజీలో మాట వెతుక్కోవచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో చదివేవాళ్లకే ఆ భాగ్యం లేదు.

పేజీని మనకి కావలసినట్టు మార్చుకోనిచ్చే బ్రౌజరే బ్రౌజర్ అని అప్పుడే తేల్చుకున్నాను. ఇప్పటికీ అదే తేడా. క్రోమ్ మ్యానిఫెస్ట్ వీ3 అని ఎక్స్‌టెన్షన్లకి కొత్త నిబంధనలు తెచ్చి, ప్రకటనల్ని ఆపే అసలైన యూబ్లాక్ ఆరిజిన్‌ని ఆపేసింది, మిగిల్చింది లైట్ వెర్షన్. ఫైర్‌ఫాక్స్‌లో అసలైనదే పూర్తిగా పనిచేస్తుంది, ఆండ్రాయిడ్‌లో కూడా. తెలుగు వార్తల సైట్లు ఫోన్లో ఒకసారి దానితో, ఒకసారి అది లేకుండా తెరిచి చూడండి. వార్త ఎక్కడుందో వెతుక్కోవాల్సిన ఖర్మ దేనికి?

ఇంకోటి చెప్పి తీరాలి. ఒకప్పుడు ఏ సర్కారు సైటుకెళ్లినా "ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి" అని ఉండేది. ఇప్పుడు బిల్లులు కట్టే పేజీలు "క్రోమ్‌లోనే తెరవండి" అంటున్నాయి. జనం డబ్బుతో కట్టిన సైటు ఒక కంపెనీ బ్రౌజర్ అడగడం తప్పు. అలాంటిది తగిలితే వాళ్ల ఫీడ్‌బ్యాక్ పేజీలో ఫిర్యాదు రాయండి, నేను రాస్తూనే ఉన్నాను. ఈలోగా పని ఆగకుండా విండోస్‌లో ఎడ్జ్ ఎలాగూ ఉంటుంది, లినక్స్‌లో క్రోమియం ఒకటి పక్కన పెట్టుకోండి. ఆ ఒక్క పనికి తెరిచి మూసేయండి.

ల్యాప్‌టాప్ పాతదై విండోస్ 7 అయితే ఆలోచించే పనే లేదు. క్రోమ్ 2023లో 109వ వెర్షన్‌తో చేతులెత్తేసింది. ఆ తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తూ వచ్చింది ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే రకం). అదే వేసుకోండి.