ముందు ఆర్‌.ఆర్‌. నేర్చుకోరా

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ట్యూన్లన్నీ విన్నాను. మూడోదాని చరణం బాగుంది, పల్లవి మాత్రం ఎక్కడో విన్నట్టుంది. సినిమాలకు సంగీతం చెయ్యాలంటున్నావు కదా, ఇక అసలు సంగతికొస్తాను. సినిమాలో పాటలన్నీ కలిపినా అరగంట దాటడం కష్టం. మిగతా రెండు గంటల బొమ్మను మోసేది రీరికార్డింగే, అంటే సీన్ల వెనక వాయించే నేపథ్య సంగీతం, మనవాళ్లు ఆర్‌.ఆర్‌. అనేది దాన్నే. పాటలకైతే ఆడియో అమ్ముడుపోవాలి కాబట్టి నిర్మాత పేరున్నవాళ్ల దగ్గరికే వెళ్తాడు. ఆర్‌.ఆర్‌.కి అలా కాదు. రిలీజ్ డేట్ ప్రకటించేశాక, ఎడిటింగ్ ఇంకా సాగుతుండగానే మీద పడే పని అది. అప్పుడు పని తెలిసిన కుర్రాడు ఎవడున్నా కావాలి.

అందుకని ముందు ఎవరి దగ్గరైనా చేరు. కీరవాణి గారు చక్రవర్తి గారి దగ్గర అసిస్టెంట్‌గా చేసినవారే. రెహమాన్ 1992లో సినిమాల్లోకి రాకముందు కీబోర్డు వాయించాడు, ప్రకటనలకు జింగిల్స్ కట్టాడు. ముప్పై సెకన్లలో మొదలెట్టి ముగించడం వస్తే సీన్‌కి వాయించడం సగం వచ్చినట్టే.

ఇంట్లో సాధన ఇలా చెయ్యి. ఒక సీన్ తీసుకుని, సంగీతం లేకుండా నాలుగైదుసార్లు చూడు. ఏం వాయించాలన్నది తర్వాత, ముందు ఎక్కడ మొదలెట్టాలో తేల్చుకో. తల్లి ఏడ్చినప్పుడు వయొలిన్ ఎత్తుకుంటే ఆలస్యమైనట్టే, ఆవిడ తలుపు దగ్గర ఆగినప్పుడే మొదలవ్వాలేమో చూడు. అసలు అక్కడ ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో కూడా చూడు. ఆ మాట డైరెక్టర్‌కి చెప్పి ఒప్పించడానికి ధైర్యం కావాలనుకో, కానీ బాగున్నచోట నోరెత్తాల్సిందే.

డైలాగ్ కింద వాయించడం అన్నిటికంటే కష్టం. వాల్యూమ్ తగ్గిస్తే చాలనుకుంటారు, చాలదు. మనిషి గొంతు ఉన్న స్థాయిలోనే ఫ్లూట్ కూడా కదులుతుంటే మాట వినపడదు, మిక్సింగ్‌లో ముందు తగ్గించేది నీ ఫ్లూట్‌నే. మాట నడుస్తున్నప్పుడు కింది స్వరాలు పట్టుకుని కదలకుండా ఉండు. మాటకీ మాటకీ మధ్య ఖాళీలో కదులు.

ఎడిటర్ ఏదో హాలీవుడ్ సినిమా మ్యూజిక్ అతికించి చూపిస్తాడు, డైరెక్టర్ దానికి అలవాటుపడి ‘ఇదే కావాలి’ అంటాడు. ఆయనకు నచ్చింది దాని వేగమా, బరువా, నిశ్శబ్దమా అని అడిగి కనుక్కో. ట్యూన్ దించితే కేసు నీ మీదికే వస్తుంది.

సీరియల్ వస్తే చిన్నచూపు చూడకు. అక్కడ రోజూ సీన్ సీన్‌కి వాయించే తీరిక ఉండదు. అనుమానం, ఏడుపు, అత్తగారి ఎంట్రీ, కామెడీ అంటూ మ్యూజిక్ ముక్కల బ్యాంకు ఒకటి ముందే కట్టి ఇస్తావు, నువ్వు లేకుండానే ఎడిటర్ వాడుకుంటాడు. అందుకని ఒక్కో ముక్కను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు రకాలుగా ఇవ్వు, ఎక్కడ కోసినా ముగిసినట్టుండాలి. ఇంకోటి, సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీ 25. సెట్టింగ్ తప్పితే పది నిమిషాల రీలు ఏకంగా 24 సెకన్లు పక్కకుపోతుంది. ఏ నోట్ రాయకముందే అడిగి తెలుసుకో.

డబ్బు విషయం. ‘ప్యాకేజీ’ అనగానే పొంగిపోకు. స్టూడియో, ఇంజినీరు, తీగవాద్యాల వాళ్లు, మిక్సింగ్ అన్నీ అందులోంచే, మిగిలిందే నీది. ఎడిట్ మారితే ఎన్నిసార్లు మళ్లీ చేస్తావో కాగితం మీద రాయించు. ఆఖరి వాయిదా చేతికొచ్చాకే ట్రాకులు విడివిడిగా అప్పగించు. అడిగితే మొహమాటంగా ఉంటుందంటావు, తర్వాత అడగడం ఇంకా మొహమాటం.

రాయల్టీ మాట మర్చిపోకు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, థియేటర్లో బొమ్మ ఆడటం కాకుండా వేరేచోట నీ సంగీతం వాడితే రాయల్టీలో నీ వాటా నీదే. ఎవరు రాయించుకున్నా దాన్ని నువ్వు వదులుకున్నట్టు కాదు. ఈ రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, ప్రతి పనీ నమోదు చేయించు. నేపథ్య సంగీతం కూడా. ఏ సీన్‌లో ఏ ముక్క ఎంతసేపు వచ్చిందో క్యూ షీట్ రాసి దగ్గరుంచుకో. చాలామంది ఇదే బద్ధకిస్తారు.

దసరాలోపు ఒక సీన్‌కి ఆర్‌.ఆర్‌. చేసి పంపు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్ తీసుకో. ఫైట్ వద్దు, ఫైట్‌కి ఎవడైనా కొడతాడు.

మామయ్య